రెండు నీలం దారాలు

అత్తగారు బొంత మీద కూర్చుంది. లేవనంటోంది.

పెరట్లో బట్టలారేసే తీగ కింద స్టూలు వేసుకొని, దాని మీద బొంతను నాలుగు మడతలు పెట్టి, ఆ మడతల మీద తన డెబ్భై ఏళ్ల బరువూ మోపి కూర్చుంది. ఎదురుగా కొడుకు నిలబడ్డాడు. ఒక చేతిలో కిరసనాయిలు సీసా, ఇంకో చేతిలో అగ్గిపెట్టె. పక్కన తుప్పుపట్టిన డ్రమ్ము. కన్నతల్లిని బొంత మీంచి లేపడమెలాగో తెలియక అతను పది నిమిషాలుగా అగ్గిపెట్టె ఆడిస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, లే."

"లేవను."

"ఏడున్నరయింది. నాకు ఫ్యాక్టరీకి టైమవుతోంది."

"వెళ్లు. నేనేమన్నా నీ కాళ్లు పట్టుకొని ఆపానా?"

వంటింటి గుమ్మంలోంచి కోడలు ఇదంతా చూస్తోంది. ఓడరేవులో లారీ డ్రైవర్లు ఆమెను సంతకాలమ్మ అంటారు. ఆమె సంతకం పడితేగాని ఒక్క పెట్టె ఓడెక్కదు మరి. పదకొండేళ్లలో ఆ పేరు ఎంత స్థిరపడిపోయిందంటే, కోపం వస్తే ఇంట్లో ఆడపడుచు కూడా అలాగే పిలుస్తుంది. ఈ మూడు రోజుల్లో చాలాసార్లు పిలిచింది.

ఆ దెప్పిపొడుపులు తప్ప మూడు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదు. అంతకీ కారణం, కొత్త కళ్లజోడు పెట్టుకొని బొంతను అటూ ఇటూ తిప్పి చూస్తూ అత్తగారు అన్న ఒక్క మాట.

"ఇది మన మిల్లు గుడ్డ కాదర్రా."

ఇంకెవరైనా అని ఉంటే నవ్వి కొట్టిపారేసేవాళ్లు. కానీ ఆవిడ ముప్ఫై ఏళ్లు మిల్లులో తనిఖీ బల్ల దగ్గర నిలబడిన మనిషి. కళ్ల ముందు నుంచి జారిపోయే తానుల్లో దారం తెగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టిన మనిషి. ఆ మిల్లు నేసిన ప్రతి తానుకూ అంచులో రెండు నీలం దారాలుంటాయి. కొడుకు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. చొక్కాలు కత్తిరించగా మిగిలిన అంచు ముక్కలు అతను సంచుల కొద్దీ తెచ్చి పడేస్తే, ఊరికే కూర్చోలేక అవన్నీ కలిపి ఆవిడ బొంత కుట్టింది. కుట్టినప్పుడు చూపు ఆనలేదు. కళ్లజోడు మారాక చూస్తే, బొంత మొత్తం మీద ఒక్క నీలం దారం లేదు.

బొంతదేముంది, ఏ గుడ్డతో కుట్టినా చలి ఆగుతుంది. కానీ అదే గుడ్డతో కుట్టిన చొక్కాలు పద్నాలుగు కంటైనర్లలో పెద్దదేశం వెళ్లాయి. నేతా ఇక్కడే, కుట్టూ ఇక్కడే అయితేనే పెద్దదేశం ఆ చొక్కాలను సుంకం లేకుండా రానిస్తుంది. రెండూ ఇక్కడే అయ్యాయని పద్నాలుగు ధ్రువపత్రాల మీద సంతకం పెట్టింది ఈ కోడలే.

ఆ ఒప్పందం ఈ నెలతో ముగుస్తోంది. కొత్తది రాసుకునే ముందు పాతదాన్ని ఎంత నిజాయితీగా పాటించారో చూసి రమ్మని పెద్దదేశం తన తనిఖీ అధికారిణిని పంపింది. ఇవాళ పగలంతా ఆవిడ ఫ్యాక్టరీలో ఉంటుంది. నాలుగింటికి సంతకాలమ్మ ఆఫీసుకి వస్తుంది. చొక్కాకు అంచు ఉండదు, కత్తిరించి పారేస్తారు. కాబట్టి ఆ గుడ్డ అంచు ఈ భూమ్మీద మిగిలింది ఒక్క అత్తగారి కిందే.

సంతకాలమ్మ పెరట్లోకి వచ్చింది. మొగుడి చేతిలోంచి కిరసనాయిలు సీసా తీసుకొని గోడ పక్కన పెట్టింది. అతను ఇచ్చేశాడు. అగ్గిపెట్టె మాత్రం ఇవ్వలేదు.

"నిన్న ఆఫీసులో ఆ పద్నాలుగు ఫైళ్లూ తీయించాను" అంది.

మాస్టరు తలెత్తలేదు.

"ప్రతి ఫైలుకీ మీరు తెచ్చిచ్చిన గుడ్డ ముక్క కుట్టి ఉంది. పద్నాలుగు ముక్కలకీ రెండేసి నీలం దారాలున్నాయి. బొంతలో ఒక్కదానికీ లేవు."

అతను డ్రమ్ము వంక చూశాడు. ఆ డ్రమ్ములో చెప్పుకోదగ్గదేమీ లేదు, నిన్నటి ఆకులు తప్ప.

ఇక్కడ సంతకాలమ్మ తప్పు కూడా చెప్పుకోవాలి. అధికారి స్వయంగా ఫ్యాక్టరీ గోదాముకు వెళ్లి, ప్రతి లాటులోంచీ అంచుతో సహా జానెడు ముక్క కత్తిరించి ఫైలుకు కుట్టాలన్నది ఆమె ఆఫీసు నియమం. పదేళ్లు అలాగే వెళ్లింది. ఆ పద్నాలుగు పెట్టెలూ వెళ్లిన నెల మాత్రం వానలు. గోదాము ఊరవతల. మొగుడు రోజూ అక్కడికే వెళ్లి వస్తున్నాడు కదా, వస్తూ వస్తూ ముక్క తెమ్మంటే పోలా అనుకుంది. అతను తెచ్చాడు. భోజనం డబ్బాలో, మూతకూ గిన్నెకూ మధ్య పెట్టి, మరకైనా అంటకుండా తెచ్చాడు. ఎంత శ్రద్ధో అని ఆమె మురిసిపోయింది కూడా.

"యజమాని మిమ్మల్ని మోసం చేశాడనుకున్నాను" అంది. "పాత నిల్వ అని చెప్పి వేరే గుడ్డ మీ బల్ల మీద వేశాడనీ, మీకు తెలియలేదనీ అనుకున్నాను. ఈ మూడు రోజులూ మీ మీద జాలిపడ్డాను."

"అప్పటికి మిల్లులో మగ్గాలు ఆగి ఇరవై రెండు రోజులు" అన్నాడు మాస్టరు. "ఆర్డరు చేజారితే ఫ్యాక్టరీ మూతపడేది. ఆయన ఎక్కడి నుంచో తెప్పించాడు. తెచ్చి బల్ల మీద వేశాక నేనేం చేస్తాను? కత్తిరించాను."

"కత్తిరించారు సరే. నా కోసం మన మిల్లు తాను వెతికి మరీ వేరే ముక్క కత్తిరించారు కదా?"

మాస్టరు అగ్గిపెట్టె తెరిచి మూశాడు.

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబితే సంతకం పెట్టేదానివా?"

"పెట్టను."

"అందుకే చెప్పలేదు."

అతను ఆ మాట పొగరుగా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టు అన్నాడు. సంతకాలమ్మకు అదే ఎక్కువ నొప్పి కలిగించింది. అరిచి ఉంటే తనూ అరిచేది. పక్కింటి పంపు కింద బకెట్టు నిండి పొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది.

అత్తగారు మోకాళ్లు పట్టుకొని మెల్లగా లేచింది. బొంత దులిపి మడత పెట్టింది. కొడుకు చెయ్యి చాచాడు. ఆవిడ అతణ్ని దాటుకొని వెళ్లి కోడలి చేతుల్లో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచుకో అమ్మాయ్. కాల్చాలనిపిస్తే నువ్వే కాల్చు. వాడికి మాత్రం ఇవ్వకు."

"మీరేమంటారు అత్తయ్యా? ఏం చెయ్యమంటారు?"

"నేను గుడ్డ సంగతే చెప్పగలను" అంది ఆవిడ. "కాపురాల సంగతి నన్నడక్కు."

*

ఆడపడుచు సంతకాలమ్మను వీధి చివర బస్‌స్టాపు దగ్గర పట్టుకుంది. అన్నగారు పనిచేసే ఫ్యాక్టరీలోనే ఆమె కుట్టు లైను సూపర్‌వైజరు. మామూలుగా ఆరున్నరకే వెళ్లిపోతుంది. ఇవాళ వదిన కోసమే ఆగిందని ముఖమే చెబుతోంది. వదిన భుజానికి వేలాడుతున్న పెద్ద సంచీ చూసి, అందులో ఏముందో అడగలేదు.

"కాల్చలేదన్నమాట."

"లేదు."

"వదినా, నా లైన్లో నూట ఎనభై మంది ఉన్నారు. అలాంటి లైన్లు తొమ్మిది. తనిఖీకి ఆ తెల్లజుట్టావిడ వస్తోందని నిన్నటి నుంచీ అందరికీ కొత్త టోపీలు పంచుతున్నారు. ఏం జరుగుతోందో వాళ్లెవరికీ తెలియదు. నీ ఒక్కదాని మనస్సాక్షి కోసం వాళ్లందరి పొట్టా కొడతావా?"

"పొట్ట కొట్టకూడదనే చూస్తున్నాను."

"ఎలా చూస్తున్నావో అది చెప్పు."

సంతకాలమ్మ సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. బొంత బరువు అంతలేదు గాని, మొయ్యలేనట్టే ఉంది.

"ఒప్పందంలో ఒక వెసులుబాటుంది. వాళ్లు కాగితం మీద ప్రశ్న వెయ్యకముందే మా ఆఫీసే తప్పు ఒప్పుకొని ధ్రువపత్రాలు వెనక్కి తీసుకుంటే, ఆ పద్నాలుగు పెట్టెల వరకే నష్టం. మీ యజమాని సుంకం కట్టుకుంటాడు. వాళ్లు ప్రశ్న కాగితం చేతికిచ్చాక తప్పు బయటపడితే మటుకు ఒప్పందమే ఆగిపోతుంది. అప్పుడు మీ తొమ్మిది లైన్లే కాదు, ఈ దేశంలో ఉన్న ప్రతి లైనూ ఆగుతుంది. ఆవిడ ఆ కాగితం నాలుగింటికి ఇస్తుంది. ఆలోగా ఇవ్వాలి నేను."

"అసలు బయటే పడకపోతే?"

సంతకాలమ్మ సంచీ పట్టీ బిగించి పట్టుకుంది.

"ఫైలు సరిగ్గా ఉంది. చొక్కాలు సరిగ్గా ఉన్నాయి. ఆ సంచీలో ఉన్నది ఏ కాలవలోనో పడేస్తే బయటపడేది ఏముంది? చెప్పు."

"ఏమీ లేదు."

"మరి?"

"నాలుగింటికి ఆవిడ నా ముందు కాగితం పెట్టి, ఈ పద్నాలుగూ నిజమేనని మళ్లీ సంతకం పెట్టమంటుంది. మొదటిసారి తెలియక పెట్టాను. ఈసారి తెలిసి పెట్టాలి."

ఆడపడుచు కోపం మనిషే గాని తెలివితక్కువ మనిషి కాదు. వదిన చెప్పింది అర్థమైంది. అర్థమైనందుకే ఇంకా మండింది.

"ఒప్పుకునే కాగితంలో ఎవరి మాట నమ్మి ఇచ్చావో రాయాలట కదా? అన్నయ్య చెప్పాడు."

"రాయాలి. ఒక గడి ఉంది."

"అన్నయ్య పేరు రాస్తావా?"

బస్సు వచ్చింది. ఆడపడుచు ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కలిసి వెళ్లినప్పుడల్లా వదిన కోసం పక్క సీట్లో భోజనం డబ్బా పెట్టి ఉంచేది. ఇవాళ అక్కడ ఎవరో ముసలాయనను కూర్చోబెట్టింది. సంతకాలమ్మ ఆఫీసు దాకా సంచీ గుండెలకు హత్తుకొని నిలబడే వెళ్లింది.

*

సంతకాలమ్మ ఆఫీసు డైరెక్టరుగారు చెడ్డవాడు కాదు. ఎవరికీ ఏ అపకారమూ చేసినవాడు కాదు. ఉపకారం చేసిన దాఖలాలు కూడా లేవనుకోండి. తను వినకూడనిది వినబడుతుందని అనుమానం రాగానే గదిలోంచి బయటికి వెళ్లిపోయే విద్య ఒకటి ఆయనకు బాగా పట్టుబడింది. ఇవాళ మాత్రం సంతకాలమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఫైళ్లు నేనూ చూశానమ్మా" అన్నాడాయన. "ముక్కలున్నాయి. నీలం దారాలున్నాయి. సంతకాలున్నాయి. ఇంకేం కావాలి?"

"ఫైళ్లు సరిగ్గానే ఉన్నాయండీ. గుడ్డే సరిగ్గా లేదు."

"మనం చూడాల్సింది ఫైలే కదా."

"మనం చూడాల్సింది గుడ్డండీ. చూశామని రాసుకోవడానికి ఫైలు."

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం అయ్యాక మళ్లీ తుడిచాడు.

"ఎల్లుండి మంత్రిగారు కొత్త ఒప్పందం కోసం పెద్దదేశం విమానం ఎక్కుతున్నారు. ఏడాదిన్నర బతిమాలితే వాళ్లు ఆ బల్ల దగ్గర మనకు కుర్చీ వేశారు. మనమేమో చొక్కాలమ్ముకునేవాళ్లం. వాళ్లకు చొక్కాలు ఇంకో పది దేశాలు అమ్ముతాయి. ఒక్క సాకు దొరికితే చాలు." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు నాకేమీ చెప్పలేదు. నేనేమీ వినలేదు."

"వాళ్లకు సాకు దొరక్కుండానే ఇద్దామంటున్నానండీ."

"ఇవ్వాలనుకుంటే ఇన్‌వర్డు గుమాస్తా దగ్గర ఇయ్యి. టైము ముద్ర వేయించుకో. నా చేతికి మాత్రం ఇవ్వకు."

దారి చూపించాడా, తప్పించుకున్నాడా? బహుశా రెండూ చేశాడు. సంతకాలమ్మ తన బల్ల దగ్గరకు వచ్చి ఉపసంహరణ పత్రం తీసి రాయడం మొదలుపెట్టింది. లాటు నంబర్లు, తేదీలు, ఓడ పేర్లు. గోదాముకు తాను వెళ్లలేదని కూడా దాచకుండా రాసింది. చివరికి ఆ గడి వచ్చింది. 'ఎవరి మాట ఆధారంగా ధ్రువపత్రం జారీ అయినది?'

ఆ గడి అగ్గిపెట్టె కన్నా పెద్దది కాదు. దాని ముందు గంటసేపు కూర్చుంది. మొగుడి పేరు రాస్తే అతని మీద కేసు. తన పేరు రాసుకుంటే తన ఉద్యోగం పోతుంది, పైగా అది అబద్ధం. యజమాని పేరు రాద్దామంటే ఆ పెద్దమనిషి ఆమెతో ఒక్క మాటా చెప్పలేదు. అన్నీ నింపి ఆ గడి ఖాళీగా వదిలేసింది. సంతకం పెట్టింది. ఇన్‌వర్డుకు వెళ్దామని లేచింది.

ఫోను మోగింది. మాస్టరు.

"అమ్మను యజమాని కారు పంపించి పిలిపించాడు" అన్నాడు. వెనక కుట్టుమిషన్ల రొద. "మిల్లులో ముప్ఫై ఏళ్లు గుడ్డ చూసిన మనిషి కదా. తనిఖీ ఆవిడ ఎదుటే అమ్మకు ముక్కలు చూపించి అడిగారు. మన మిల్లుదేనని అమ్మ రాసిచ్చింది. సంతకం కూడా చేసింది."

సంతకాలమ్మ కూర్చుండిపోయింది.

"ఏ ముక్కలు పెట్టారు?"

"విను. అమ్మ సంతకం చేసింది. ఇప్పుడు నువ్వు ఆ కాగితం ఇస్తే, డెబ్భై ఏళ్ల వయసులో మా అమ్మ పరాయి దేశం వాళ్ల ముందు అబద్ధాలకోరు అవుతుంది. నా సంగతి వదిలెయ్. ఆవిడ ముఖం చూడు."

"అత్తయ్య తనంతట తనే రాసిందా?"

అటువైపు మాస్టరు ఏదో చెప్పబోయాడు. చెప్పలేదు. మిషన్ల రొద మాత్రం కాసేపు వినిపించి ఆగిపోయింది.

పొద్దున అగ్గిపెట్టెకు లొంగని మనిషి మధ్యాహ్నానికి లొంగిపోయిందా? కొడుకు కదా మరి, కడుపు తీపి ఎవరినైనా వంచుతుంది. అలా తనకు తాను నచ్చజెప్పుకుంది గాని, మనసు ఒప్పుకోలేదు. ఉదయం బొంతను కొడుక్కివ్వకుండా తన చేతుల్లో పెట్టిన మనిషి కదా. ఒంటరిగా మిగిలిపోయినట్టనిపించింది. అత్తగారి మీద కోపం వచ్చింది, ఆవిడను కారులో కూర్చోబెట్టిన వాళ్ల మీద ఇంకా కోపం వచ్చింది. పత్రం తీసి సొరుగులో పడేసి తాళం వేసింది. తాళం మళ్లీ తీసింది. మళ్లీ వేసింది. నీళ్లు తాగడానికి మూడుసార్లు లేచి, మూడుసార్లూ తాగకుండానే వచ్చి కూర్చుంది. గోడ గడియారం రెండయింది, మూడయింది, మూడుంబావయింది.

*

తనిఖీ అధికారిణి ఇరవై నిమిషాలు ముందే వచ్చేసింది.

పొడుగ్గా, బక్కగా, పొట్టిగా కత్తిరించుకున్న తెల్లజుట్టుతో ఉంది. బూట్లకు ఫ్యాక్టరీ దూది అంటుకొని ఉంది. డైరెక్టరుగారి గదిలో కూర్చోమంటే వద్దని, సంతకాలమ్మ బల్ల దగ్గరే కుర్చీ లాక్కుంది. ఉద్యోగం పుణ్యమా అని సంతకాలమ్మకు పెద్దదేశం భాష వచ్చు. మధ్యలో దుబాసీ అక్కర్లేదు. డైరెక్టరుగారు మర్యాదకు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి పారిపోయే వీల్లేకపోయింది.

ఆవిడ సంచీలోంచి అంటించిన తెల్ల కవరొకటి తీసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆనించింది. ప్రశ్నల కాగితం. ఇవ్వలేదు. గడియారం వంక చూసి, "దీనికి ఇంకా టైముంది" అంది. "ఈలోగా చిన్న సాయం చేస్తారా? ఇది మీ అత్తగారిదే అన్నారు."

ఇంకో కాగితం ముందుకు జరిపింది. పైన ఫ్యాక్టరీలో టైపు చేసిన నాలుగు వాక్యాలు. కింద సంతకం. సంతకానికీ టైపుకీ మధ్య పెన్నుతో రాసిన రెండు వరసలు. వంకర లేని, గుండ్రటి అక్షరాలు. తానుల మీద సుద్దముక్కతో నంబర్లు వేసిన చెయ్యి అది. సంతకాలమ్మ ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"ఇదేమిటని అక్కడ దుబాసీనడిగాను. పేరూ తేదీ అన్నాడు" అంది అధికారిణి. "పేరూ తేదీకి ఇది కొంచెం ఎక్కువనిపించింది. ఆవిడ ఇది రాసేదాకా సంతకం పెట్టనని కూర్చుంది. సంతకం పడగానే కాగితం నేనే తీసేసుకున్నాను. ఏం రాసింది?"

సంతకాలమ్మ చదివింది. మళ్లీ చదివింది.

మూడు గంటలపాటు ఆ ముసలామెను మనసులో ఎన్ని మాటలందో అన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎదుటి మనిషి కళ్లు తన ముఖం మీదే ఉన్నాయి. నోటితో అడిగిన ప్రశ్న లెక్కలోకి రాదు. ఆ చెయ్యి కింద ఉన్న కవరు చేతులు మారితేనే లెక్క.

"చదివి చెబుతాను" అంది. "ఒక్క నిమిషం ఆగండి."

సొరుగు తాళం తీసింది. పత్రం పట్టుకొని ఇన్‌వర్డు గుమాస్తా దగ్గరకు నడిచింది. పరిగెత్తలేదు, కాళ్లు మాత్రం పరిగెత్తాలనే చూశాయి. గుమాస్తా టీ తాగుతున్నాడు. ముద్ర వెయ్యమంది. పాడ్ ఎండిపోయింది. అతను దాని మీద నాలుగు చుక్కలు నీళ్లు చల్లి, ముద్రలో అంకెలు తిప్పి, గడియారం చూసి, మళ్లీ తిప్పాడు. ఒక్క ముద్ర కోసం ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

మూడూ యాభై రెండు. ముద్ర పడింది.

తిరిగి వచ్చి పత్రాన్ని అధికారిణి ముందు పెట్టింది. డైరెక్టరుగారు కళ్లజోడు తీయబోయి, తీయకుండా ఊరుకున్నాడు. అప్పుడు అత్తగారి కాగితం చేతిలోకి తీసుకొని, రెండు వరసలూ ముందు తన భాషలో, తర్వాత ఆవిడ భాషలో చదివింది.

"నాకు చూపించిన ముక్కలు మా మిల్లువే. చూపించనివాటి సంగతి మా కోడలికి తెలుసు. అది చెప్పిందే నా మాట."

బల్ల కింది సంచీలోంచి బొంత తీసి పరిచింది. అధికారిణి లేచి నిలబడింది. అంచు వెంట ఒక్కో ముక్కనూ వేలితో తడుముతూ పోయింది. తర్వాత కూర్చొని పత్రం మొదటి నుంచి చివరిదాకా చదివింది. ముద్రలో టైము చూసింది, గడియారం చూసింది. కవరును తన సంచీలో పెట్టెయ్యలేదు, ఇవ్వనూ లేదు.

"మీ వైపు నుంచి ముందే వచ్చింది" అంది. "కానీ అసంపూర్తిగా ఉన్న పత్రాన్ని నేను అందినట్టు రాసుకోలేను. ఇక్కడొక గడి ఖాళీగా ఉంది. ఎవరి మాట మీద ఇచ్చారు?"

గడియారంలో నాలుగుకు మూడు నిమిషాలుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో అడుగుల చప్పుడైంది. నాలుగు గంటల సమావేశానికి ఫ్యాక్టరీవాళ్లు వచ్చారు. ముందు యజమాని, నవ్వు ముఖంతో. అతని వెనక మాస్టరు, ఒక చేత్తో తల్లిని పట్టుకొని. లోపలికి అడుగు పెడుతూనే ముగ్గురికీ బల్ల మీద పరిచిన బొంత కనబడింది. యజమాని నవ్వు ఆగిపోయింది. అత్తగారు కోడలి వంక చూసి తల పంకించి, గోడ పక్కనున్న బెంచీ మీద కూర్చుంది.

మాస్టరు బల్ల దాకా వచ్చాడు. తల్లి రాసిన రెండు వరసలు అక్కడున్నాయి. అవి చూసి అతను ఆశ్చర్యపోలేదు. అక్కడ ఆవిడ పక్కనే నిలబడి చదివే ఉంటాడు. చదివి, యజమానికి చెప్పలేదు. ఫోనులో తనకూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో సంతకాలమ్మకు అంతు చిక్కలేదు. అడిగే టైమూ లేదు. పెన్ను మూత తీసి ఖాళీ గడి మీద ఆనించింది.

"ఆ పేరు నేను రాస్తాను" అన్నాడు మాస్టరు. "పెన్ను ఇలా ఇవ్వు."

"మాస్టరూ" అన్నాడు వెనక నుంచి యజమాని, మెల్లగా. అంతే అన్నాడు.

మాస్టరు వెనక్కి తిరగలేదు. చెయ్యి చాచి నిలబడ్డాడు. పొద్దున తల్లి ముందు చాచిన చెయ్యే. భోజనం డబ్బాలో మరక అంటకుండా ముక్కలు తెచ్చిన చెయ్యే. తన పేరు రాస్తాడా? యజమాని పేరు రాస్తాడా? లేక భార్య పేరే రాసి పెన్ను మూత పెట్టేస్తాడా? ఆ ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని ఆమె వెతికింది. పదకొండేళ్లుగా ఎదురుగా కూర్చొని భోంచేసిన ముఖం. అందులో ఒక్క అక్షరమూ చదవలేకపోయింది.

"ఇయ్యి" అన్నాడు మళ్లీ. ఈసారి గొంతు బాగా తగ్గించి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు. "ఈ ఒక్కసారీ నమ్ము."

అధికారిణి తెల్ల కవరు చేతిలోకి తీసుకుంది.

సంతకాలమ్మ పెన్ను ముందుకు చాచింది. అతని వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. ఆమె వేళ్లు ఇంకా వదల్లేదు.